క్యూటీ డిజైనర్‌కి సొంత విడ్జెట్ ప్లగిన్: మీ గేజ్‌ని చూసేది ఒక ప్రోగ్రామ్ కాదు, మూడు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఫ్యాక్టరీలో యంత్రాల పక్కన పెట్టే స్క్రీన్ల కోసం క్యూటీ (తెర మీద కనిపించే ప్రోగ్రాములు రాయడానికి వాడే లైబ్రరీ), సీ ప్లస్ ప్లస్‌తో సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. ప్రెషర్ చూపించే గుండ్రటి గేజ్ విడ్జెట్ (తెర మీద కనిపించే భాగం) ఒకటి మీరే తయారు చేశారు. డిజైనర్‌లో, అంటే తెరల ఫారంలను మౌస్‌తో గీసే క్యూటీ పనిముట్టులో, దాన్ని ప్రమోట్ చేసి (మామూలు విడ్జెట్ పెట్టి, దాని స్థానంలో మీ క్లాస్ వాడమని చెప్పి) వాడితే ఫారం మీద ఖాళీ డబ్బా తప్ప ఏమీ కనిపించడం లేదని ప్లగిన్ (డిజైనర్ లోడ్ చేసుకునే అదనపు ముక్క) రాశారు. ఆ ప్లగిన్ విడిగా తెరిచిన డిజైనర్‌లో వస్తోంది కానీ కోడ్ రాసుకునే ప్రోగ్రామ్ క్యూటీ క్రియేటర్ లోపలి డిజైనర్‌లో రావడం లేదు. గేజ్‌ని ఫారంలో పెట్టి బిల్డ్ చేస్తే లింకర్ ఎర్రర్ (గేజ్ క్లాస్ కోడ్ దొరకలేదని) వస్తోంది. ఎలాగో దాన్ని దాటినా, ఫారంలో గరిష్ఠం 300, విలువ 250 అని పెడితే ప్రోగ్రామ్‌లో ముల్లు 100 దగ్గరే ఆగిపోతోంది. మీ గేజ్ హెడర్ కూడా పెట్టారు. చివర్లో పేజీలున్న ప్యానెల్ గురించి, మీ సహోద్యోగి పైథాన్‌లో రాసే విడ్జెట్ల గురించి కూడా అడిగారు.

మూడు సమస్యలకీ మూల కారణం ఒకటే. ఫారం మీద గేజ్ పెట్టిన దగ్గర్నుంచి అది ప్రోగ్రామ్‌లో తెరమీదికి వచ్చేదాకా దాన్ని మూడు వేర్వేరు ప్రోగ్రాములు చూస్తాయి. ఒకదానికి తెలిసింది ఇంకొకదానికి తెలియదు. ఏది ఎవరికి తెలుసో పట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

మొదటిది డిజైనర్. అది మీ ప్లగిన్‌ని లోడ్ చేసుకుని, మీ క్లాస్‌తో నిజమైన ఆబ్జెక్ట్ సృష్టించి ఫారం మీద పెడుతుంది. అక్కడ మీ కన్‌స్ట్రక్టర్, మీ పెయింట్ కోడ్ నిజంగానే నడుస్తాయి. సేవ్ చేసినప్పుడు క్లాస్ పేరు, హెడర్ పేరు, మీరు మార్చిన ప్రాపర్టీల విలువలు యూఐ ఫైల్‌లోకి ఎక్స్ఎంఎల్‌గా వెళ్తాయి.

రెండోది యూఐసీ. అది ఆ ఎక్స్ఎంఎల్ చదివి సీ ప్లస్ ప్లస్ కోడ్ రాసిపెడుతుంది. ప్లగిన్ అనేది ఒకటుందన్న సంగతే దానికి తెలియదు, మీ హెడర్ ఫైల్ కూడా తెరిచి చూడదు. ఎక్స్ఎంఎల్‌లో ఏముంటే అదే నమ్ముతుంది.

మూడోది మీ సొంత ప్రోగ్రామ్. యూఐసీ రాసిన కోడ్‌ని కంపైల్ చేసుకుని, మీ గేజ్ క్లాస్ కోసం వెతుకుతుంది.

ఇప్పుడు లింకర్ ఎర్రర్ సంగతి చూడండి. ప్లగిన్‌ని డిజైనర్ ఫోల్డర్‌లో పెట్టారు కాబట్టి గేజ్ సిస్టమ్‌లో ఉన్నట్టే అనుకుని, ప్రోగ్రామ్ బిల్డ్‌లో దాన్ని కలపలేదు. ప్రోగ్రామ్‌కి కావాల్సింది ప్లగిన్ కాదు, గేజ్ క్లాస్ ఉన్న లైబ్రరీ. అందుకే ప్రాజెక్టుని మొదటి రోజు నుంచే మూడు టార్గెట్లుగా విడగొట్టమని నా గట్టి సలహా: గేజ్ ఉన్న విడ్జెట్ లైబ్రరీ, దాన్ని డిజైనర్‌కి పరిచయం చేసే చిన్న ప్లగిన్, మీ ప్రోగ్రామ్. ప్లగిన్ లైబ్రరీకి లింక్ అవుతుంది, ప్రోగ్రామ్ కూడా లైబ్రరీకే లింక్ అవుతుంది. ప్రోగ్రామ్, ప్లగిన్ ఒకదానితో ఒకటి సంబంధం పెట్టుకోకూడదు. కస్టమర్‌కి ఇచ్చే ఇన్‌స్టాలర్‌లో ప్లగిన్ ఫైల్ అక్కర్లేదు. దీనికి ఒక మినహాయింపు ఉంది. మీరు యూఐసీ వాడకుండా ప్రోగ్రామ్ నడిచేటప్పుడే క్యూయూఐలోడర్‌తో యూఐ ఫైళ్లు చదివిస్తుంటే, అది డిజైనర్ ప్లగిన్లనే వాడుకుంటుంది కాబట్టి అప్పుడు ప్లగిన్ కూడా పంపాలి.

విండోస్‌లో లైబ్రరీని డీఎల్ఎల్‌గా కడితే క్లాస్‌ని ఎక్స్‌పోర్ట్ చేయడం (బయటి ప్రోగ్రాములకు కనిపించేలా గుర్తు పెట్టడం) మర్చిపోవద్దు. డిజైనర్ ఉదాహరణల్లో ఉండే ఎక్స్‌పోర్ట్ మాక్రో వాడొచ్చు, మీ లైబ్రరీకి సొంతంగా ఒకటి పెట్టుకున్నా సరే. లైబ్రరీని స్టాటిక్‌గా కడితే ఈ గొడవ ఉండదు. కాకపోతే ఐకాన్ల లాంటి రిసోర్సులు దానిలో ఉంటే క్యూ ఇనిట్ రిసోర్స్ మాక్రోతో వాటిని చేతితో లేపాల్సి ఉంటుంది.

ఇక ముల్లు 100 దగ్గర ఆగిపోయే సంగతి. ప్లగిన్ రాసేవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మీరు పెట్టిన హెడర్‌లో విలువ ప్రాపర్టీ ముందు ఉంది, కనిష్ఠం, గరిష్ఠం తర్వాత ఉన్నాయి. డిజైనర్ ప్రాపర్టీలను హెడర్‌లో మీరు ప్రకటించిన వరుసలోనే యూఐ ఫైల్‌లో రాస్తుంది. యూఐసీ అదే వరుసలో సెట్టర్లను (విలువ పెట్టే ఫంక్షన్లను) పిలుస్తూ కోడ్ రాస్తుంది. అంటే ప్రోగ్రామ్ మొదలవగానే ముందు విలువ 250 అని వెళ్తుంది. అప్పటికి గరిష్ఠం ఇంకా డిఫాల్ట్ 100 లోనే ఉంది కాబట్టి మీ సెట్టర్ దాన్ని 100కి కుదించేస్తుంది. ఆ తర్వాత గరిష్ఠం 300 అవుతుంది కానీ, పోయిన 250 తిరిగి రాదు. ఫారంని మూసి డిజైనర్‌లోనే మళ్లీ తెరిచినా ఇదే జరుగుతుంది. అది గమనించకుండా సేవ్ చేస్తే యూఐ ఫైల్‌లోనే 100 అయి కూర్చుంటుంది. క్యూటీ వాళ్ల స్లైడర్‌కి పై క్లాస్ అయిన క్యూఅబ్‌స్ట్రాక్ట్‌స్లైడర్ హెడర్ తెరిచి చూడండి. కనిష్ఠం, గరిష్ఠం ముందు ఉంటాయి, విలువ వాటి తర్వాతే వస్తుంది. మీరూ అలాగే మార్చండి. ఒక ప్రాపర్టీ ఇంకోదాని మీద ఆధారపడితే, ఆధారం ఇచ్చేది పైన ఉండాలి. వారసత్వంలో పై క్లాస్ ప్రాపర్టీలు ఎప్పుడూ ముందు వస్తాయన్నది కూడా గుర్తుంచుకోండి.

ప్రాపర్టీల గురించి ఇంకొన్ని మాటలు. సెట్టర్ పేరు సెట్ అనే మాట, దాని వెనక పెద్ద అక్షరంతో మొదలయ్యే ప్రాపర్టీ పేరు, ఈ పద్ధతిలోనే ఉంచండి. అలా ఉంటే యూఐసీ ఆ ఫంక్షన్‌ని నేరుగా పిలుస్తుంది. రేపు ఎవరైనా ప్రాపర్టీ పేరు మార్చి ఫారాలు మార్చడం మరిచిపోతే కంపైలర్ వెంటనే పట్టేస్తుంది. సెట్టర్ పేరు వేరేలా ఉంటే, డిజైనర్ ఆ సంగతి యూఐ ఫైల్‌లో గుర్తుపెట్టి రాస్తుంది, యూఐసీ దాన్ని సెట్‌ప్రాపర్టీ పిలుపుగా మారుస్తుంది. అదీ పని చేస్తుంది. కానీ పేరు తప్పితే కంపైలర్ నోరు మెదపదు, ప్రోగ్రామ్ నడుస్తుంది, గేజ్ మాత్రం తప్పు స్కేలుతో కనిపిస్తుంది. ప్రెషర్ చూపించే తెర మీద అలాంటి నిశ్శబ్దం ప్రమాదకరం.

ముల్లు ఆకారం, స్కేలు శైలి లాంటి వాటికి అంకెలు వాడకండి. ఈనమ్ పెట్టి క్యూ ఈనమ్ మాక్రోతో నమోదు చేస్తే ప్రాపర్టీ ఎడిటర్‌లో డ్రాప్‌డౌన్ దానంతట అదే వస్తుంది. రంగు, ఫాంట్, సైజు, ఐకాన్, స్ట్రింగ్, స్ట్రింగ్ లిస్ట్ లాంటి క్యూటీ రకాలకు ఎడిటర్ సిద్ధంగా ఉంటుంది. మీరు సొంతంగా రాసుకున్న స్ట్రక్ట్‌ని ప్రాపర్టీగా ఇస్తే మాత్రం ఎడిటర్ దాన్ని ఎలా చూపించాలో తెలియక వదిలేస్తుంది. హెచ్చరిక హద్దుల కోసం మీరు పెట్టుకున్న స్ట్రక్ట్ అలాంటిదే. దాన్ని విడగొట్టి హెచ్చరిక హద్దు, ప్రమాద హద్దు అని రెండు మామూలు సంఖ్యలుగా ఇవ్వండి. రీసెట్ ఫంక్షన్ కూడా రాసి పెట్టండి, ఫారంలు గీసేవాళ్లకి డిఫాల్ట్‌కి వెనక్కి వెళ్లడం తేలికవుతుంది. నడుస్తున్నప్పుడు మాత్రమే అర్థం ఉండే ప్రాపర్టీలకు, ఉదాహరణకు చివరగా వచ్చిన రీడింగ్ సమయానికి, డిజైనబుల్, స్టోర్డ్ రెండూ ఫాల్స్ అని ఇవ్వండి. లేకపోతే ఎడిటర్ అనవసరమైన వాటితో నిండిపోతుంది.

తర్వాత, డిజైనర్ లోపల మీ కోడ్ నిజంగా నడుస్తుందని పైన చెప్పాను కదా, దాని పర్యవసానం. మీ గేజ్ కన్‌స్ట్రక్టర్‌లో సీరియల్ పోర్ట్ తెరుస్తున్నారు. అది అక్కడి నుంచి తీసేయాల్సిందే. ఫారం మీదికి గేజ్‌ని లాగిన ప్రతిసారీ డిజైనర్ ఆ పోర్ట్ తెరవడానికి చూస్తుంది. అక్కడ హార్డ్‌వేర్ లేక కోడ్ క్రాష్ అయితే డిజైనర్ మొత్తం పడిపోతుంది, సేవ్ చేయని ఫారంలన్నీ పోతాయి. మీ టీమ్‌లో స్క్రీన్లు గీసే అమ్మాయికి మధ్యాహ్నం పనంతా పోతే, ఆమె మళ్లీ మీ విడ్జెట్‌ని నమ్మదు. విడ్జెట్ డేటాని తనంతట తాను తెచ్చుకోకూడదు. ఎవరో ఒకరు సెట్ చేసిన విలువని గీయడమే దాని పని. సీరియల్ పోర్ట్ వేరే క్లాస్‌లో ఉండాలి, సిగ్నల్ ద్వారా గేజ్‌కి విలువ పంపాలి. డిజైనర్ కోసమే కాదు, టెస్టులకూ ఇదే మంచిది.

ఫారం మీద గేజ్ ఊరికే సున్నా దగ్గర నిలబడకుండా నమూనా విలువ చూపించాలంటే, తాను డిజైనర్‌లో ఉన్నానని విడ్జెట్‌కి తెలియాలి. దీనికి మంచి దారి ప్లగిన్ ద్వారా చెప్పించడమే. ప్లగిన్‌లో ఇనిషియలైజ్ అనే ఫంక్షన్‌ని పిలిచేది డిజైనర్. అది పిలిచిందని గుర్తుపెట్టుకుని, తర్వాత క్రియేట్‌విడ్జెట్‌లో గేజ్‌ని తయారు చేసేటప్పుడు డిజైన్ మోడ్ అనే మామూలు ఫ్లాగ్ పెట్టండి. క్రియేట్‌విడ్జెట్ ఒక్కదాన్నే నమ్మకండి, ఎందుకంటే క్యూయూఐలోడర్ కూడా దాన్ని పిలుస్తుంది. ప్రోగ్రామ్ పేరు చూసి డిజైనర్ అని కనిపెట్టే చిట్కా ఇంటర్నెట్‌లో తరచూ కనిపిస్తుంది. క్రియేటర్ లోపల అది పని చేయదు.

విడ్జెట్ వైపు ఇంకో మూడు విషయాలు. కన్‌స్ట్రక్టర్ ఒక్క పేరెంట్ పాయింటర్‌తో పిలవగలిగేలా ఉండాలి, యూఐసీ రాసే కోడ్‌కి అంతకు మించి ఏమీ తెలియదు. క్లాస్‌లో క్యూ ఆబ్జెక్ట్ మాక్రో తప్పనిసరి. అది లేకపోతే మెటా ఆబ్జెక్ట్ (క్లాస్ వివరాలు క్యూటీ దాచుకునే చోటు) తన పేరు క్యూవిడ్జెట్ అని చెబుతుంది, డిజైనర్ క్లాస్ పేర్లు కలవడం లేదని హెచ్చరిస్తుంది. సైజ్‌హింట్ రాయండి, లేకపోతే లేఅవుట్‌లో గేజ్ నలిగిపోయి కనిపిస్తుంది. సిగ్నల్స్, స్లాట్స్ కోసం అదనంగా ఏమీ చేయక్కర్లేదు, డిజైనర్ వాటిని మెటా ఆబ్జెక్ట్ నుంచి తీసుకుంటుంది.

ఇంతవరకు వస్తే ప్లగిన్ క్లాస్ రాయడం గంట పని. క్యూఆబ్జెక్ట్, క్యూడిజైనర్‌కస్టమ్‌విడ్జెట్‌ఇంటర్‌ఫేస్ రెండింటి నుంచీ వారసత్వం తీసుకుంటుంది. పేరు, గ్రూప్, ఐకాన్, టూల్‌టిప్, హెడర్ పేరు చెప్పే చిన్న ఫంక్షన్లు కొన్ని రాస్తారు. పేరు అనే ఫంక్షన్ నేమ్‌స్పేస్‌తో సహా అసలు క్లాస్ పేరుని అక్షరం తేడా లేకుండా ఇవ్వాలి. ఇంక్లూడ్‌ఫైల్ ఇచ్చే దారి మీ కంప్యూటర్‌లోని ఫోల్డర్ దారి కాకూడదు. రేపు ప్రోగ్రామ్ కోడ్‌లో ఆ హెడర్‌ని ఎలా ఇంక్లూడ్ చేస్తారో సరిగ్గా అలాగే ఉండాలి. పాత వ్యాసాల్లో క్యూ ఎక్స్‌పోర్ట్ ప్లగిన్ టూ అనే మాక్రో కనిపిస్తే అది క్యూటీ 4 కాలంది అని అర్థం. 2012 చివర్లో వచ్చిన క్యూటీ 5 నుంచి దాని స్థానంలో క్యూ ప్లగిన్ మెటాడేటా వాడుతున్నాం. క్యూటీ 6లోనూ అంతే. బిల్డ్‌కి సీమేక్ వాడితే విడ్జెట్స్‌తో పాటు యూఐప్లగిన్ అనే భాగాన్ని కలపాలి. రేపు గేజ్‌తో పాటు ట్యాంక్, వాల్వ్, దీపం లాంటివి వస్తాయి కాబట్టి, ఒక్కోదానికి ఒక్కో ప్లగిన్ ఫైల్ పెట్టకుండా కలెక్షన్ ఇంటర్‌ఫేస్ వాడి అన్నింటినీ ఒకే ఫైల్‌లో ఇవ్వండి.

ప్లగిన్‌లోని డామ్‌ఎక్స్ఎంఎల్ ఫంక్షన్ విడ్జెట్ మొదటి సెట్టింగులను ఎక్స్ఎంఎల్‌గా డిజైనర్‌కి చెబుతుంది. దాన్ని చాలామంది పట్టించుకోరు, డిఫాల్ట్‌తో సరిపెడతారు. మీ విషయంలో అది ఒక పనికొస్తుంది. మీ గేజ్‌లో సెన్సర్ ట్యాగ్ అని ఒక స్ట్రింగ్ ప్రాపర్టీ ఉంది. డిజైనర్ స్ట్రింగ్ ప్రాపర్టీలన్నింటినీ అనువదించాల్సిన మాటలుగానే చూస్తుంది, యూఐసీ వాటిని ట్రాన్స్‌లేట్ పిలుపులో చుడుతుంది. ట్యాగ్ పేరుని అనువాదకుడు పొరపాటున మార్చితే గేజ్ వేరే సెన్సర్‌తో మాట్లాడుతుంది. డామ్‌ఎక్స్ఎంఎల్‌లోని కస్టమ్‌విడ్జెట్స్ భాగంలో ఆ ప్రాపర్టీకి అనువాదం వద్దని రాసే వీలుంది. అది తప్పకుండా వాడండి.

ఇప్పుడు క్రియేటర్‌లో ఎందుకు రావడం లేదో చూద్దాం. విడిగా ఉండే డిజైనర్, క్రియేటర్ లోపలి డిజైనర్ చూడటానికి ఒకేలా ఉన్నా రెండూ వేర్వేరు ప్రోగ్రాములు. మీ కిట్‌లోని (మీరు ఎంచుకున్న క్యూటీ, కంపైలర్ జోడీలోని) డిజైనర్ మీ కిట్ కంపైలర్‌తో కట్టింది. క్రియేటర్‌ని మాత్రం క్యూటీ కంపెనీ వాళ్లు తమ కంపైలర్‌తో, తాము ఎంచుకున్న క్యూటీ వెర్షన్‌తో కట్టి ఇస్తారు. విండోస్‌లో అది మైక్రోసాఫ్ట్ కంపైలర్. మీది మింగ్‌డబ్ల్యూ అనే వేరే కంపైలర్ ఉన్న కిట్ అన్నారు. ఆ కిట్‌తో కట్టిన ప్లగిన్ క్రియేటర్‌లోకి ఎక్కదు, ఏ ఫోల్డర్‌లో పెట్టినా సరే. కంపైలర్ ఒకటే అయినా వెర్షన్ చూసుకోవాలి. కొత్త క్యూటీతో కట్టిన ప్లగిన్‌ని పాత క్యూటీ లోడ్ చేయదు. 6.7తో కట్టింది 6.5 మీద నడిచే ప్రోగ్రామ్‌లోకి రాదు. క్యూటీ 5ది క్యూటీ 6లోకి అసలే రాదు. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌తో అయితే డీబగ్ ప్లగిన్ రిలీజ్ డిజైనర్‌లోకి రాదు, కాబట్టి ఇన్‌స్టాల్ చేసేది రిలీజ్ బిల్డే అయి ఉండాలి.

క్రియేటర్‌లోనే కావాలని పట్టుదల ఉంటే, దాని అబౌట్ విండోలో ఏ క్యూటీతో, ఏ కంపైలర్‌తో కట్టారో రాసి ఉంటుంది. సరిగ్గా ఆ జోడీతో ప్లగిన్‌ని మరోసారి బిల్డ్ చేసి, విండోస్‌లో క్రియేటర్ ఫోల్డర్‌లోని బిన్ కింద ప్లగిన్స్, దాని కింద డిజైనర్ ఫోల్డర్‌లో పెట్టండి. నా వరకు నేనైతే ఆ దారి వద్దంటాను. క్రియేటర్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఈ టెన్షన్ మళ్లీ మొదలవుతుంది. క్రియేటర్‌లో యూఐ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ విత్ ద్వారా విడి డిజైనర్‌లో తెరవడం అలవాటు చేసుకుంటే సరిపోతుంది. స్క్రీన్లు గీసేవాళ్లకి కోడ్ ఎడిటర్‌తో పనే లేదు, వాళ్లకి డిజైనర్ ఒక్కటే ఇవ్వండి.

ప్లగిన్ లోడ్ కాకపోతే ఊహించడం మానేసి డిజైనర్‌నే అడగండి. హెల్ప్ మెనూలో అబౌట్ ప్లగిన్స్ తెరిస్తే లోడ్ అయినవి, కానివి, కానివాటికి కారణం అన్నీ కనిపిస్తాయి. క్రియేటర్‌లో అయితే టూల్స్ మెనూలో ఫారం ఎడిటర్ కింద ఇలాంటి విండోనే ఉంది. అసలు జాబితాలోనే లేకపోతే ఫోల్డర్ తప్పు. క్యూటీ బిల్డ్ పనిముట్టు క్యూమేక్‌కి క్వెరీ ఆప్షన్ ఇచ్చి ప్లగిన్ల ఫోల్డర్ ఎక్కడో అడిగి, దాని కింద డిజైనర్ అనే ఫోల్డర్‌లో పెట్టారో లేదో చూడండి. జాబితాలో ఉండి మాడ్యూల్ దొరకలేదని వస్తే సాధారణంగా ప్లగిన్ తప్పు కాదు. అది ఆధారపడే మీ గేజ్ డీఎల్ఎల్ పాత్‌లో లేదని అర్థం. ఈ ఒక్క కారణంగానే చిన్న టీమ్‌లలో గేజ్ లైబ్రరీని స్టాటిక్‌గా కట్టి ప్లగిన్‌లోనే కలిపేయడం నాకు నచ్చుతుంది. ఇంకా లోతుగా చూడాలంటే క్యూటీ డీబగ్ ప్లగిన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 ఇచ్చి డిజైనర్‌ని టెర్మినల్ నుంచి నడపండి, ఏ ఫైల్‌ని ఎందుకు కాదందో మొత్తం చెబుతుంది. విండోస్‌లో డిజైనర్ తెరిచి ఉండగా ప్లగిన్ డీఎల్ఎల్ లాక్ అయి ఉంటుంది, కొత్త బిల్డ్ కాపీ చేసే ముందు మూసేయండి.

మీరు చివర్లో అడిగిన పేజీలున్న ప్యానెల్ సంగతి కొంచెం పెద్దది. కంటైనర్ అవునా అన్న ఫంక్షన్‌లో ట్రూ ఇస్తే ఒక్క పేజీ ఉన్న పెట్టెకి చాలు. ఎక్కువ పేజీలుంటే కంటైనర్ ఎక్స్‌టెన్షన్ రాసి, ఇనిషియలైజ్‌లో దాని ఫ్యాక్టరీని నమోదు చేసి, పేజీ కలిపే ఫంక్షన్ పేరుని డామ్‌ఎక్స్ఎంఎల్‌లో యాడ్‌పేజ్‌మెథడ్‌గా చెప్పాలి. ఈ చివరిది మరిచిపోతే డిజైనర్‌లో అంతా బాగుంటుంది, యూఐసీకి మాత్రం పేజీలు ఎలా కలపాలో తెలియదు. క్యూటీతో వచ్చే ఉదాహరణల్లో కంటైనర్ ఎక్స్‌టెన్షన్ అనేదాన్ని అలాగే తీసుకుని మార్చుకోండి, సున్నా నుంచి రాయాల్సిన పని లేదు. డబుల్ క్లిక్ చేస్తే మీ సొంత డైలాగ్ రావాలంటే టాస్క్ మెనూ ఎక్స్‌టెన్షన్ ఉంది. అందులో విడ్జెట్ సెట్టర్‌ని నేరుగా పిలవకండి. ఫారం విండో కర్సర్ ద్వారా ప్రాపర్టీ మార్చండి, అప్పుడే అన్‌డూ పని చేస్తుంది, ఫారం మారిందని డిజైనర్‌కి తెలుస్తుంది.

ఇదంతా చదివాక, మా దగ్గర ఫారంలు ఐదారే ఉన్నాయి, గీసేది నేనొక్కడినే అనిపిస్తే ప్లగిన్ జోలికి వెళ్లకండి, ప్రమోషన్ చాలు. ప్రమోట్ చేసిన విడ్జెట్‌కి డిజైనర్‌లో డైనమిక్ ప్రాపర్టీ కలిపి, దానికి మీ గేజ్‌లోని అసలు ప్రాపర్టీ పేరే పెడితే, యూఐసీ సెట్‌ప్రాపర్టీ పిలుపు రాస్తుంది. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు అది అసలు ప్రాపర్టీకే వెళ్తుంది. బొమ్మ కనిపించదు కానీ గరిష్ఠం, కనిష్ఠం ఫారంలోనే పెట్టుకోవచ్చు. ప్లగిన్‌కి శ్రమ పడటం సబబు అయ్యేది విడ్జెట్ రాసేవాళ్లు వేరు, ఫారం గీసేవాళ్లు వేరు అయినప్పుడే. మీ టీమ్ అలాంటిదే కాబట్టి మీరు ఎంచుకున్న దారి సరైనదే.

మీ సహోద్యోగి పైథాన్‌లో రాసే విడ్జెట్ల కోసం: పైసైడ్ 6 (పైథాన్ నుంచి క్యూటీని వాడే లైబ్రరీ) అయితే, పేరు రిజిస్టర్ అన్న మాటతో మొదలయ్యే ఫైల్ రాసి, దాని ఫోల్డర్‌ని పైసైడ్ డిజైనర్ ప్లగిన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టి, పైసైడ్ 6తో వచ్చే డిజైనర్‌నే నడపాలి. అలాంటిదే మరో లైబ్రరీ పైక్యూటీలో ఫైల్ పేరు చివర ప్లగిన్ అని ఉండాలి, వేరియబుల్ పేరు పైక్యూటీ డిజైనర్ పాత్. ప్రాపర్టీల వరుస, కన్‌స్ట్రక్టర్‌లో హార్డ్‌వేర్ ముట్టుకోకపోవడం అక్కడా వర్తిస్తాయి.

ముందు హెడర్‌లో వరుస మార్చి, సీరియల్ పోర్ట్ బయటికి తీసి, లైబ్రరీని విడగొట్టి చూడండి. అప్పటికీ లోడ్ కాకపోతే అబౌట్ ప్లగిన్స్ విండోలో వచ్చిన వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెట్టండి, క్యూటీ వెర్షన్, కంపైలర్ పేరు కూడా రాయండి.